చెక్ ఇంజన్ లైట్ వెనక సన్నటి పెట్రోల్ ఆవిరి లీక్: ఎలా పట్టుకోవాలి, ఎలా బాగుచేసుకోవాలి?

కారు బాగానే నడుస్తుంది. మైలేజీ తగ్గదు, కొత్త చప్పుడేమీ ఉండదు. డాష్‌బోర్డు మీద మాత్రం చెక్ ఇంజన్ లైట్ వెలుగుతూ ఉంటుంది. అమెరికాలో పాత కారు కొనుక్కున్న మన విద్యార్థుల నుంచి, పదేళ్ళుగా ఒకే క్యామ్రీ నడుపుతున్న కుటుంబాల దాకా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు. స్కాన్ చేయిస్తే పి0442 అనో, పి0456 అనో లోపం కోడ్ వస్తుంది. పెట్రోల్ ఆవిరి ఎక్కడో సన్నగా బయటికి పోతోందని దాని అర్థం.

జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని పర్జ్ వాల్వ్ మారుస్తారు. లైట్ మళ్ళీ వస్తుంది. వెంట్ వాల్వ్ మారుస్తారు. మళ్ళీ వస్తుంది. చివరికి కానిస్టర్ దాకా పోతారు. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: లీక్ ఎక్కడుందో తేలేదాకా పార్టు కొనకండి. ఒక్క ట్యాంకు మూతకే మినహాయింపు.

ఆవిరి ఎటు వెళ్తుంది?

ట్యాంకులో పెట్రోల్ ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని గాల్లోకి వదలకూడదన్న నిబంధన కాలిఫోర్నియాలో 1970 మోడల్ కార్లతో, మిగతా అమెరికాలో 1971 మోడళ్ళతో మొదలైంది. అందుకే ట్యాంకు నుంచి వచ్చే ఆవిరి బొగ్గు గుళికలు నింపిన కానిస్టర్ అనే డబ్బాలోకి వెళ్ళి అక్కడ నిలవ ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే, ఇంజన్ దాన్ని పీల్చుకుని కాల్చేస్తుంది. అప్పుడు కానిస్టర్‌లోకి బయటి గాలిని రానిచ్చేది వెంట్ వాల్వ్.

లీక్ ఉందో లేదో చూడాలనుకున్నప్పుడు కంప్యూటర్ ఈ రెండు వాల్వులనూ మూసి, లోపలి ఒత్తిడి నిలుస్తుందో లేదో గమనిస్తుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నిటికీ తప్పనిసరైన ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే కనిపెట్టుకునే) పద్ధతిలో 1 మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా పట్టుకోవాలి. పి0442 ఆ పరిమాణానిది. 2000 సంవత్సరం ప్రాంతపు మోడళ్ళ నుంచి ఆ హద్దు అర మిల్లీమీటరుకు దిగింది. పి0456 దానిది. అర మిల్లీమీటరు రంధ్రం మామూలుగా చూస్తే కంటికి ఆనదు కాబట్టే ఈ పని ఓపిక అడుగుతుంది.

కొన్ని కార్లు ఇంజన్ నడుస్తుండగా పరీక్షించుకుంటాయి, కొన్ని పార్క్ చేశాక. చాలా టయోటా కార్లలో ఇంజన్ ఆపిన సుమారు 5 గంటలకు వెనక భాగం నుంచి కొద్ది నిమిషాల పాటు సన్నగా గుంయ్‌మని చప్పుడు వస్తుంది. అర్ధరాత్రి అది విని కంగారుపడేవాళ్ళున్నారు. లీక్ పరీక్ష చేసే పంపు చప్పుడే అది.

మొదలుపెట్టే ముందు

పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దాని చిన్న మంట చాలు, అంటుకోవడానికి. పని ఆరుబయట, ఇంజన్ చల్లారాక చేయండి. పెట్రోల్ మంటలకు పనికొచ్చే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచండి. కారు కిందికి దూరాల్సి వస్తే జాక్ ఒక్కటే నమ్ముకోవద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. కారు కింద పెట్రోల్ చుక్కలు కనబడ్డా, లోపల ఘాటుగా వాసన వస్తున్నా ఆ కారును నడపకండి. అది ఆవిరి లీక్ స్థాయి దాటిపోయింది, మెకానిక్ దగ్గరికి టోయింగ్ చేయించండి.

1. కోడ్ చదవండి, చెరపకండి

20, 30 డాలర్లకు వచ్చే ఓబీడీ-2 రీడర్ చాలు. చాలా ఊళ్ళలో ఆటో పార్ట్స్ షాపులవాళ్ళు ఉచితంగానే చదివిపెడతారు. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే సమాచారం ఉంటుంది, అంటే తప్పు నమోదైన క్షణంలో కారు పరిస్థితి. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. కోడ్ చెరిపితే అదీ పోతుంది.

పి0457 అయితే మూత వదులైందనే అర్థం. పి0455 పెద్ద లీక్. ఊడిన గొట్టమో, మూత పెట్టడం మరిచిపోవడమో అయివుంటుంది, వెతకడం తేలిక. పి0496 వస్తే పర్జ్ వాల్వ్ మూసుకోవడం లేదని అనుమానించండి. అన్నిటికన్నా సతాయించేది పి0456.

2. ట్యాంకు మూత

మూత తీసి వెలుతురులో రబ్బరు రింగును చూడండి. పాత కుక్కర్ గాస్కెట్ లాగా అది కూడా ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుంటుంది. రింగును వేళ్ళతో మెల్లగా వంచండి. మామూలుగా కనబడని సన్నటి పగుళ్ళు వంచినప్పుడు నోరు తెరుస్తాయి. మూతను కారుకు కట్టి ఉంచే ప్లాస్టిక్ తాడు బిగించేటప్పుడు మధ్యలో ఇరుక్కుంటోందేమో కూడా చూడండి.

తర్వాత మూత కూర్చునే గొట్టం అంచును వేలితో తడమండి. తుప్పు వల్ల గరుకుగా ఉంటే కొత్త మూత పెట్టినా ఆవిరి ఆగదు. ఫోర్డ్ కార్లలో చాలావాటికి అసలు మూతే ఉండదు, లోపలి రేకు తలుపు దానంతటదే మూసుకుంటుంది. అక్కడ ఇసుక రేణువు ఇరుక్కున్నా లీకే, తడిగుడ్డతో తుడవండి.

అనుమానం ఉంటే మూత మార్చేయండి, ఖర్చు తక్కువ. కానీ అన్ని కార్లకూ సరిపోతుందని అమ్మేది కాకుండా మీ కారు కంపెనీదే తీసుకోండి. బిగించేటప్పుడు టక్ టక్‌మని మూడుసార్లు చప్పుడు వచ్చేదాకా తిప్పండి.

3. పర్జ్ వాల్వ్‌ను వేలితో పరీక్షించండి

ఇంజన్ పక్కన, దానిలోకి గాలిని పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర రెండు గొట్టాలు, ఒక వైర్ ప్లగ్ ఉన్న చిన్న నల్లటి ప్లాస్టిక్ వాల్వ్ ఉంటుంది. ట్యాంకు వైపు వెళ్ళే గొట్టాన్ని దాని నుంచి తీయండి. వైర్ ప్లగ్ కూడా తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, వాల్వ్ ఖాళీ మూతి మీద వేలు పెట్టండి. బెల్టు, ఫ్యాన్ల దగ్గరికి చెయ్యి పోకుండా చూసుకోండి. కరెంటు లేనప్పుడు ఈ వాల్వ్ పూర్తిగా మూసుకుని ఉండాలి. వేలిని ఏమాత్రం లోపలికి లాగినా వాల్వ్ పాడైనట్టే, నిస్సందేహంగా మార్చవచ్చు. పెట్రోల్ పోయించిన వెంటనే కారు స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే అది కూడా ఈ వాల్వ్ మీద అనుమానాన్ని బలపరుస్తుంది. ప్లగ్ తీసి నడిపినందుకు ఇంకో కోడ్ రావచ్చు, దానికి కంగారు అక్కర్లేదు.

4. వెంట్ వాల్వ్, గొట్టాలు, తుప్పు

వెంట్ వాల్వ్ సాధారణంగా కారు వెనక, కానిస్టర్ పక్కన ఉంటుంది. దీని తీరు తలకిందులు: కరెంటు లేనప్పుడు తెరిచి ఉండాలి, 12 వోల్టులు ఇస్తే టక్‌మని మూసుకోవాలి. బయటికి తీసి నోటితో ఊది చూస్తే తేలిపోతుంది. దుమ్ము, బురద, ఉప్పు దీనికి శత్రువులు. సాలెపురుగులు కూడా. 2011లో మాజ్డా కంపెనీ అమెరికాలో వేల సంఖ్యలో మాజ్డా-6 కార్లను వెనక్కి పిలిపించడానికి కారణం, వెంట్ గొట్టంలో పసుపు రంగు సాలెపురుగులు గూళ్ళు కట్టడమే. గొట్టం మూసుకుపోతే ట్యాంకులోకి గాలి రాక, లోపల శూన్యం పెరిగి, ట్యాంకే పగిలే ప్రమాదముందని తేల్చారు. 2014లో మళ్ళీ అదే కారణంతో ఇంకొన్ని కార్లను పిలిపించారు. కారు ఎక్కువకాలం కదలకుండా ఉంటే ఈ గొట్టం మూతిని టార్చి వేసి చూడటం మంచిది.

రబ్బరు గొట్టాలు పగిలేది ఎక్కువగా చివర్లలో, క్లిప్పు బిగించిన చోట. మెలితిప్పి చూడండి. ఎలుకలు, ఉడతలు కొరికిన గుర్తులుంటే మొత్తం పొడవునా వెతకండి.

న్యూజెర్సీ, మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడి కార్లలో నా అనుమానం ముందు పెట్రోల్ పోసే లోహపు గొట్టం మీదకే పోతుంది. వెనక చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ విప్పితే కనబడుతుంది. ఏళ్ళ తరబడి చేరిన తడి బురద వెనక, బ్రాకెట్ కింద తుప్పు తినేసి ఉంటుంది. పైకి రంగు మామూలుగానే ఉన్నా స్క్రూడ్రైవర్ మొనతో తడితే పొరలు పొరలుగా రాలుతుంది.

పెట్రోల్ పంపు ఈ మధ్య మార్చి ఉంటే ట్యాంకు మీద దాని సీలు కూడా అనుమానితుడే. పాత రింగునే తిరిగి వేసుంటే లీక్ అవుతుంది. ఆ మూత విప్పడం మాత్రం ఇంట్లో చేయవద్దనే నా సలహా.

5. అప్పటికీ దొరక్కపోతే స్మోక్ టెస్ట్

వెంట్ వాల్వ్‌ను స్కానర్‌తో మూసి, యంత్రంతో పొగను ట్యాంకు వ్యవస్థలోకి పంపుతారు. రంధ్రం ఎక్కడుంటే అక్కడ పొగ తీగలా లేస్తుంది. మొదట ట్యాంకు మూత తీసి ఉంచి, అక్కడి నుంచి పొగ ధారగా వచ్చాక మూత బిగించాలి. లేకపోతే లోపలి గాలి వల్ల పొగ అన్ని మూలలకూ చేరదు. గాలి వీచని చోట, గట్టి టార్చితో, పదీ పదిహేను నిమిషాలు ఓపిగ్గా చూడాలి. అర మిల్లీమీటరు రంధ్రం నుంచి వచ్చే పొగ అంత పలచగా ఉంటుంది.

పొగ ఒత్తిడి అర పీఎస్ఐ (చదరపు అంగుళానికి అర పౌను) దగ్గరే ఉండాలి. టైర్లలో గాలి 32, 35 పీఎస్ఐ ఉంటుంది కదా, ఆ గాలి కొట్టే కంప్రెసర్‌ను దీనికి ఎప్పుడూ తగిలించకండి. సీళ్ళు, సెన్సర్లు పోతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం, పెట్రోల్ ఆవిరికి గాలి తోడైతే అంటుకునే మిశ్రమం తయారవుతుంది. అందుకే మంచి మెకానిక్‌లు పొగను నైట్రోజన్‌తో గానీ కార్బన్ డయాక్సైడ్‌తో గానీ పంపుతారు. డబ్బాలో నూనె కాల్చి ఇంట్లో తయారుచేసే పొగ యంత్రాలను పెట్రోల్ ట్యాంకు దగ్గరికి రానివ్వకండి. షాపులో ఊరిని బట్టి 100 నుంచి 200 డాలర్ల దాకా తీసుకుంటారు. ఊహ మీద మార్చే రెండు పార్టులకన్నా అది చవక. లీక్ ఎక్కడుందో ఫోటో తీసి చూపించమని అడగండి.

6. బాగుచేయడం

గొట్టం చివర పగిలితే, పొడవు సరిపోతే ఆ ముక్క కోసి మళ్ళీ బిగించవచ్చు. కొత్తది వేస్తే పెట్రోల్ ఆవిరికి పనికొచ్చే రకమే కావాలి. మామూలు నీళ్ళ గొట్టం ఉబ్బి మెత్తబడిపోతుంది. ఎం-సీల్, టేపు, సిలికాన్ పూతలు నిలవవు. తుప్పు పట్టిన గొట్టానికి మార్చడమే మార్గం. పర్జ్ గొట్టంలో నల్లటి బొగ్గు గుళికలు కనిపిస్తే కానిస్టర్ లోపల పగిలింది. దాన్ని మార్చాలి, గొట్టాలనూ శుభ్రం చేయాలి. చేయకుండా కొత్త పర్జ్ వాల్వ్ వేస్తే అదీ ఇరుక్కుపోతుంది.

కానిస్టర్ పాడవడానికి పెద్ద కారణం, పంపు ఆగిపోయాక కూడా ఇంకో అర గ్యాలన్ కోసం నొక్కి నొక్కి పోయడం. ఆవిరి కోసం పెట్టిన బొగ్గులోకి పెట్రోలే చేరిపోతుంది. పంపు టక్‌మనగానే ఆపండి.

కారు కొత్తదైతే జేబులోంచి డబ్బు తీసేముందు వారంటీ పుస్తకం చూడండి. కాలుష్య నియంత్రణ వ్యవస్థలకు 2 ఏళ్ళు లేదా 24,000 మైళ్ళ ప్రత్యేక వారంటీ అమెరికా అంతటా ఉంది.

7. నయమైందని ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు కోడ్ చెరపండి. ఎమిషన్ టెస్ట్ (కాలుష్య తనిఖీ) రేపే అయితే మాత్రం చెరిపినందువల్ల లాభం లేదు. కారు ఒక్కో వ్యవస్థ మీద తానే చేసుకునే పరీక్షలను మానిటర్లు అంటారు, కోడ్ చెరిపితే అవి మళ్ళీ మొదలవ్వాలి. పూర్తికాని మానిటర్లు ఎక్కువుంటే వెనక్కి పంపేస్తారు. కాలిఫోర్నియాలో 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోల్ కార్లకు ఈ ఆవిరి మానిటర్ ఒక్కటి పూర్తి కాకపోయినా ఫర్వాలేదు, మిగతావన్నీ పూర్తయి ఉండాలి. 2010 ప్రాంతం నుంచి వచ్చిన కార్లలో స్కానర్‌తో చెరపలేని శాశ్వత కోడ్ కూడా ఉంటుంది. కారు తనంతట తాను పరీక్షించుకుని సంతృప్తి పడ్డాకే అది పోతుంది.

ఆ పరీక్ష జరగాలంటే ట్యాంకు పావుకు, ముప్పావుకు మధ్య ఉండాలి. రాత్రంతా కారును కదిలించకుండా ఉంచి, పొద్దున చల్లటి ఇంజన్‌తో బయల్దేరి ఊళ్ళోనూ హైవే మీదా కాసేపు నడపండి. మధ్యలో పెట్రోల్ పోయించవద్దు, ఎప్పుడు పోయించినా ఇంజన్ ఆపే పోయించండి. మరీ ఎండగా, మరీ చలిగా ఉన్న రోజుల్లో కారు ఈ పరీక్షను వాయిదా వేసుకుంటుంది. కొన్ని రోజులు పట్టవచ్చు.

చాలా కార్లలో వరుసగా రెండుసార్లు తప్పు కనబడితేనే లైట్ వెలుగుతుంది. మొదటిసారి కనబడ్డప్పుడు అది పెండింగ్ కోడ్‌గా ఉంటుంది. కాబట్టి లైట్ కోసం ఎదురుచూడకుండా రెండు మూడు రోజులకోసారి రీడర్‌లో పెండింగ్ కోడ్‌లు చూడండి. మానిటర్ పూర్తయిందని చూపిస్తూ పెండింగ్ ఖాళీగా ఉంటే లీక్ మూసుకుంది. అదే కోడ్ పెండింగ్‌లో మళ్ళీ కనిపిస్తే, బాగుచేసింది సరిగ్గా కుదరకపోయి ఉండాలి, లేదా రెండో రంధ్రం కూడా ఉండాలి. ఉప్పు ఊళ్ళలో తిరిగిన పాత కార్లకు రెండో రంధ్రం మామూలే. మెకానిక్‌కు మీ పాత ఫోటోలు చూపించి, బాగుచేసిన చోటుతో సహా దారంతా పొగతో మళ్ళీ చూడమనండి.