డబుల్ హైట్ హాల్‌కి షాండ్లియర్ కొనే ముందు చూసుకోవాల్సినవి

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాక, ఆఖరి పది రోజుల్లో హడావుడిగా కొనే వస్తువుల్లో డబుల్ హైట్ హాల్లో, అంటే రెండంతస్తుల ఎత్తున్న హాల్లో వేలాడే షాండ్లియర్ ఒకటి. దయచేసి అలా చేయకండి. డూప్లెక్స్ కట్టుకునేవాళ్లు దీని గురించి స్లాబ్ పడకముందే ఆలోచించాలి. ఎందుకో కింద చెప్తాను.

ముందు సైజు సంగతి. మా హాలు 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, ఎత్తు కూడా 20 అడుగులే. షాపులో 24 అంగుళాల షాండ్లియర్ ఒకటి చూశాం. అక్కడ సీలింగ్ చాలా కిందికి ఉంది, చుట్టూ ఇంకా బోలెడు లైట్లు వెలుగుతున్నాయి, తలెత్తగానే కళ్ల నిండా అదే, ఇంతకంటే పెద్దదైతే ఎబ్బెట్టుగా ఉంటుందేమో అనుకుని తెచ్చేశాం. తీరా బిగించాక సోఫాలో కూర్చుని చూస్తే, అంత ఎత్తున ఒక చిన్న గిన్నె బోర్లించినట్టు కనిపించింది. షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు.

తర్వాత తెలుసుకున్న లెక్క చాలా సులువు. గది పొడవు, వెడల్పు అడుగుల్లో కూడితే వచ్చే అంకెను అంగుళాలు అనుకోండి, లైటు వెడల్పు దాదాపు అంత ఉండాలి. మా హాలుకి 20, 16 కలిపితే 36 అంగుళాలు. లైటు ఎత్తుకి వేరే లెక్క: సీలింగ్ ఎత్తు ఎన్ని అడుగులో, ఒక్కో అడుక్కీ రెండున్నర నుంచి మూడు అంగుళాలు. అంటే 20 అడుగుల సీలింగ్‌కి 50 నుంచి 60 అంగుళాల పొడవున్న, రెండు మూడు అంతస్తులుగా దిగే లైటు నప్పుతుంది. ఇవి శాసనాలేం కావు, కానీ సగానికి సగం తగ్గితే మాత్రం తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కొనేముందు న్యూస్‌పేపర్లు అతికించి 36 అంగుళాల గుండ్రటి ముక్క కత్తిరించి, పై అంతస్తు రెయిలింగ్ నుంచి తాడుతో హాల్లోకి వేలాడదీసి, కిందా పైనా నిలబడి చూడండి. అరగంట పని.

ఎంత కిందికి దించాలనేది ఇంకో ప్రశ్న. మనుషులు నడిచే చోట లైటు అడుగు భాగం నేల నుంచి కనీసం 7 అడుగులు పైన ఉండాలి. డబుల్ హైట్‌లో అయితే అడుగు భాగం పై అంతస్తు ఫ్లోర్ మట్టానికి వచ్చేలా పెడితే కిందివాళ్లకీ పైవాళ్లకీ బాగుంటుంది. మెట్ల మీద నుంచో, రెయిలింగ్ దగ్గర నుంచో పిల్లలు చెయ్యి చాపితే అందకూడదు. పక్కనే ఫ్యాన్ ఉంటే దాని రెక్కలకీ దీనికీ మధ్య బాగా ఎడం ఉంచండి, గాలికి షాండ్లియర్ ఊగుతుంది.

ఇక అసలు భయపడాల్సింది బరువు గురించి. పెద్ద షాండ్లియర్లు 25 కిలోలు సునాయాసంగా దాటుతాయి. ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డు ఆ బరువు మోయదు, దాని ఫ్రేమ్ కూడా మోయదు, కాబట్టి బరువంతా పైనున్న స్లాబ్ మీదే పడాలి. కాంక్రీట్ పోయకముందే కడ్డీతో హుక్ చేయించి, దాని కొసలు స్లాబ్ ఇనుముకి కట్టించడం అన్నిటికంటే మంచి పద్ధతి. అదే రోజు స్లాబ్‌లో వైర్ల పైపులు ఎటు వెళ్లాయో ఫోన్లో ఫోటోలు తీసి ఉంచుకోండి. స్లాబ్ పడిపోయి ఉంటే యాంకర్ ఫాస్ట్‌నర్లు, అంటే కాంక్రీట్‌లో బిగుసుకునే ఇనుప బోల్టులు వేయించాలి. ప్లాస్టిక్ ప్లగ్గులతో సరిపెడతానంటే ఒప్పుకోకండి. ఎక్కడ పడితే అక్కడ డ్రిల్ చేస్తే లోపలి వైరు తెగుతుంది, పైన టెర్రస్ అయితే మరీ లోతుగా దించితే వానాకాలంలో అక్కడే నీళ్లు ఉరుస్తాయి. బరువు గొలుసు మోయాలి, వైరు వదులుగా ఉండాలి. లోహపు ఫ్రేమ్ కాబట్టి ఎర్త్ వైరు తప్పకుండా కలపమనండి.

వెలుతురు విషయంలో ఒక్క మాట. బల్బు రెట్టింపు దూరం జరిగితే కింద పడే వెలుగు దాదాపు నాలుగో వంతుకి తగ్గిపోతుంది. అందుకే షాండ్లియర్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా గోడలకి కూడా లైట్లు పెట్టించండి. ఒక బల్బు పోతే 15 అడుగుల ఎత్తుకి ఎవరు ఎక్కుతారో కూడా ఇప్పుడే ఆలోచించాలి. బడ్జెట్ ఉంటే కిందికి దించే మోటారు పెట్టించుకోండి, కానీ దాని బరువు కూడా హుక్ లెక్కలో కలపాలి.

బిగించే రోజు మెయిన్ ఆఫ్ చేయించండి, కింద ఎవరినీ తిరగనివ్వకండి. నిచ్చెన మీద నిచ్చెన కట్టి ఎక్కుతామంటే వద్దనండి, పరంజా వేయించండి. రెండోసారి మేం 36 అంగుళాలది పెట్టినప్పుడు, ముందు రోజు సాయంత్రం లైటుకి రెట్టింపు బరువుండేలా ఇసుక నింపిన బస్తాని తాడుతో లాగి హుక్‌కి కట్టించాం. తెల్లారి పరంజా ఎక్కి హుక్ చుట్టూ టార్చ్ వేసి చూశాం. ఎక్కడా పగులు లేదు, హుక్ వెంట్రుకవాసి కూడా జరగలేదు. అప్పుడే పెట్టె విప్పమన్నాం.