ఇంట్లోనే బండి రిపేరు – 7వ పాఠం: ఈజీ అవుట్ కూడా విరిగితే

పోయిన పాఠంలో “ఈజీ అవుట్ (విరిగిన బోల్టు మధ్యలో బెజ్జం చేసి దూర్చే ఎడమ మరల ఉక్కు కడ్డీ) దూర్చి ఎడమకి తిప్పితే విరిగిన ముక్క వచ్చేస్తుంది” అని ఒక్క వాక్యంలో తేల్చేశాను. తప్పు నాదే. ముగ్గురు ఫోటోలు పంపారు. మూడూ సైలెన్సర్ దగ్గరి 6 మి.మీ. స్టడ్డులే (తల లేని బోల్టులు), మూడింట్లోనూ ఈజీ అవుట్ లోపలే విరిగింది. ఒకటి అల్లూరు వైపు రొయ్యల గుంటలకి రోజూ తిరిగే బండి. ఉప్పునీళ్ళు తగిలితే ఇనుప స్టడ్డూ, అది దిగే అల్యూమినియం ఇంజన్ హెడ్డూ తెల్లటి పొడి పట్టి కరుచుకుపోతాయి. అలాంటిది తిప్పుడుకి లొంగదు.

ఒకసారి ఆలోచించండి. 6 మి.మీ. బోల్టే మీ పానా బలానికి తెగింది. దాని మధ్యలో దూర్చిన 3 మి.మీ. కడ్డీ అంతకంటే ఎక్కువ బలం ఓర్చుకుంటుందా? పైగా అది మేకులా దిగుతూ బోల్టు ముక్కని ఉబ్బించి ఇంకా బిగిస్తుంది. విరిగిన ఈజీ అవుట్ మీద మామూలు డ్రిల్ బిట్ గీత కూడా పెట్టలేదు, అంత గట్టి ఉక్కు. ఆ ముగ్గురూ ఇక కెలక్కుండా మంచి లేత్ షాపుకి తీసుకెళ్ళండి. ఇంట్లో అయ్యే పని కాదు.

మిగతావాళ్ళకి నా పద్ధతి. 8 మి.మీ. పైన అయితే ఈజీ అవుట్ వాడుకోండి. 6 మి.మీ.కి నేను వాడను. ముక్క మొత్తం తొలిచేసి 6×1 ట్యాప్ (6 మి.మీ. బోల్టుకి, 1 మి.మీ. ఎడంతో బెజ్జంలో మరలు కోసే పనిముట్టు) వేస్తాను. ముందురోజు రాత్రి నూనె పెట్టడం, కళ్ళద్దాలు పెట్టుకోవడం మీకు తెలిసినవే.

నాకు ఒళ్ళు మండేది సెంటర్ పంచ్ దగ్గర, అంటే బిట్ జారకుండా మధ్యలో చుక్క గుంట కొట్టే మొనదేలిన ఉక్కు కడ్డీ. పంచ్ కొట్టకుండా డ్రిల్ ఆన్ చేస్తారు. విరిగిన బోల్టు మొహం ఎప్పుడూ ఎగుడుదిగుడే, బిట్ పల్లానికి జారుతుంది. జారితే ఎటు పోతుంది? మెత్తగా ఉన్న వైపుకి, అంటే అల్యూమినియంలోకి. 6 మి.మీ. మరకి చివరి బెజ్జం 5 మి.మీ. అంటే చుట్టూ మీకున్న జాగా అర మిల్లీమీటరు! అందుకే ముందు ఆకురాయితోనో సన్న ఉలితోనో మొహం చదును చెయ్యండి. పంచ్ మెల్లగా ఒక్క దెబ్బ కొట్టి, సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. పక్కకి పడితే పంచ్‌ని వాలుగా పెట్టి చుక్కని మధ్యకి లాక్కురండి. నాకు ఈ చుక్కకే పావుగంట పడుతుంది, సిగ్గేం లేదు.

తర్వాత 2.5, 4, 5 బిట్లు, అదే వరసలో, నిదానంగా, నూనె వేస్తూ. డ్రిల్ నిటారుగా ఉందో లేదో పక్కనుంచి ఇంకొకరిని చూడమనండి. ఎడమ తిరుగుడు బిట్లు (డ్రిల్ వెనక్కి తిప్పితే తొలిచేవి) దొరికితే అవే వాడండి, 4 దగ్గరే ముక్క దానంతటదే తిరిగి బయటికొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. లేకపోతే 5 తర్వాత మరల్లో మిగిలిన ఇనుప తీగని సూదిమొన పట్టకారుతో లాగండి. ట్యాప్ అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. ట్యాప్ కూడా విరుగుతుంది, గుర్తుందిగా?

అభ్యాసం: పాత ఇనుప సామాన్ల అంగట్లో పాడైన హెడ్డు ఒకటి కొనండి. అందులో మూడు బోల్టులు బిగించి, రంపంతో మొదలంటా కోసి, మూడూ తియ్యండి. కొత్త బోల్టు వేళ్ళతోనే చివరిదాకా దిగాలి. మూడూ దిగాకే మీ బండి ముట్టుకోండి. బెజ్జం పక్కకి పోయినవాళ్ళు ఆ హెడ్డు పారెయ్యకండి, 8వ పాఠంలో హెలికాయిల్ (పాడైన మరల చోట దించే తీగచుట్ట మర) వేసేది దానికే.