మూలన వచ్చే వైరస్ పాపప్‌లను ఆపడం ఎలా?

మొన్న మా పిన్ని ల్యాప్‌టాప్‌లో కుడివైపు కింద మూలన "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని రెండు నిమిషాలకోసారి వస్తుంటే, పాపం టెన్షన్‌తో వైఫై ఆపేసి కూర్చుంది. తీరా చూస్తే వైరస్ కాదు. ఏదో సీరియళ్ల సైట్‌లో "మీరు రోబో కాకపోతే అలో నొక్కండి" అంటే నొక్కేసింది, దాంతో ఆ సైట్‌కి నోటిఫికేషన్లు పంపే పర్మిషన్ ఇచ్చేసినట్టయింది.

క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. అక్కడ అనుమతి ఉన్న జాబితాలో మీకు తెలియని పేర్లన్నీ తీసేయండి. చాలాసార్లు గోల ఇక్కడే ఆగిపోతుంది.

ఆగలేదా? ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) చూడండి, కూపన్లనీ పీడీఎఫ్ కన్వర్టర్లనీ ఎప్పుడో పెట్టుకుని మర్చిపోయినవి ఉంటాయి, పీకేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్. ఇంకా అనుమానంగా ఉంటే ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, కంప్యూటర్ రీస్టార్ట్ అయి సుమారు 15 నిమిషాలు తీసుకుంటుంది కాబట్టి ముందు ఫైళ్లు సేవ్ చేసుకోండి.

స్క్రీన్ నిండా ఎర్రగా వచ్చి, సైరన్ మోగుతూ, ఫోన్ నంబర్ కూడా చూపిస్తోందంటే అది మోసమే. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకోండి, కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌కి ఎండ్ టాస్క్ ఇవ్వండి. మళ్లీ తెరిచాక పాత ట్యాబ్‌లు రీస్టోర్ చేయాలా అనడిగితే వద్దనండి, లేదంటే అదే పేజీ మళ్లీ తయారవుతుంది.

ఇప్పటికే ఆ నంబర్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ (మన కంప్యూటర్‌ని వాళ్లు దూరం నుంచే నడిపే యాప్) పెట్టేసుంటే వెంటనే నెట్ తీసేసి, పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోతే బ్యాంకుకి చెప్పి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.