కృష్ణా-గోదావరి లోతు సముద్రంలో జీవావాస సర్వేకు వెళ్లే ముందు జాగ్రత్తలు

జీవావాస సర్వే అంటే సముద్రగర్భంలో ఏ జీవులు ఎక్కడ బతుకుతున్నాయో చూడడం. గ్యాస్ బావి తవ్విన తరువాత ఆ సముద్రగర్భం అంతకుముందు ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు. చూడగలిగేది ఇప్పుడే, తవ్వకముందే.

• నదుల మట్టి పేరుకున్న ఈ బేసిన్‌లో సుమారు 1,750 మీటర్ల లోతున మీథేన్ ఊటలు (సముద్రగర్భం నుంచి ఆ వాయువు ఊరే చోట్లు) బయటపడ్డాయి. ఎండ పొడ సోకని ఆ చీకట్లో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్‌లతో బతికే బ్యాక్టీరియా, వాటిని నమ్ముకున్న ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు ఉన్నాయి. తెలిసిన ఊటలన్నీ పటంలో గుర్తించాకే ఓడ కదలాలి.

• ముందు సోనార్ (ధ్వనితో లోతు కొలిచే పరికరం), తరువాత కెమెరా, చివరికి నమూనా. ఈ వరుస తప్పవద్దు. చూడకుండా బురద తీసే గొట్టం దించితే, ఏళ్ల తరబడి పెరిగిన గుంపును మన చేతులతోనే చిదిమినట్లు అవుతుంది. నాకు అన్నిటికంటే భయం ఇదే.

• నీటిలో ధ్వని వేగం కొలవండి. వానాకాలం తరువాత గోదావరి మంచినీరు పైపొరలో పరుచుకుని ఆ వేగాన్ని మారుస్తుంది. పాత కొలత వాడితే సోనార్ చూపే లోతు తప్పుతుంది.

• అక్కడ పీడనం ఉపరితలం కంటే దాదాపు 175 రెట్లు. కెమెరా పెట్టెల రబ్బరు సీళ్లను ఒక్కొక్కటిగా తడిమి చూడండి.

• జన్యు పరీక్ష నమూనాలకు ఆల్కహాల్. జన్యువులను పాడుచేసే ఫార్మలిన్ సీసాలు విడిగా.

• అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్లు.

• తీరంలోని మత్స్యకారులకు తేదీలు, ఓడ దారి ముందే తెలుగులో చెప్పండి. వారి వల తెగితే ఆ పూట కూడు పోతుంది.