గన్నేరు కంచెలో కొమ్మలు ఎండుతుంటే: కత్తెర పట్టే ముందు జాగ్రత్తలు

గన్నేరులో ఆకు, పువ్వు, బెరడు, పాలు అన్నీ విషపూరితమే కనుక, పరీక్ష మొదలుపెట్టక ముందే చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా ధరించాలి. కోసిన కొమ్మలను పశువులకు అందనిచోట వేయాలి. పొగ కూడా హానికరమే కాబట్టి తగలబెట్టకూడదు.

వానలో గానీ, ఆకులు తడిగా ఉన్నప్పుడు గానీ కోయరాదు. ఒక మొక్క నుంచి మరొక మొక్కకు వెళ్లేముందు కత్తెరను 70 శాతం స్పిరిట్‌తో తుడవాలి.

ఆకులు రాలినంత మాత్రాన కొమ్మ చచ్చిందని తేల్చకుండా, చాకు మొనతో బెరడును కొన నుంచి కిందికి అక్కడక్కడా గీకి చూడాలి. లోపల పచ్చగా, తేమగా ఉంటే ప్రాణం ఉన్నట్లు. గోధుమ రంగులో పొడిగా ఉంటే అంతవరకు ఎండినట్లు. పచ్చదనం మొదలైన చోటికి కాస్త దిగువన కోసినప్పుడు, కోత ముఖంలో గోధుమ మరక కనబడితే శిలీంధ్రం లోపలికి దిగిందని అనుమానించి, మరక లేని కలప వచ్చేవరకు కిందికి కోయాలి.

కారణం తెలియకముందే శిలీంధ్రనాశిని కొనడం మనలో చాలామందికి అలవాటు. అంతకంటే ముందు మొదలు దగ్గర మట్టి తీసి వేళ్లను చూడటం మేలు. అవి నల్లబడి, మెత్తబడి, దుర్వాసన వేస్తుంటే నీరు నిలవడమే అసలు కారణం కావచ్చు, అప్పుడు పైమందు పనిచేయదు.

కంచె ఒకవైపే ఎండితే, ఆ పక్కన ఇటీవల కలుపుమందు చల్లారేమో కనుక్కోవాలి.