నైట్ విజన్‌ను అమెరికా దాటించాలంటే: ఎయిర్‌సాఫ్ట్ ఆడేవారికి ఎగుమతి లైసెన్సు దరఖాస్తు విధానం

అమెరికాలో ఉంటూ ఎయిర్‌సాఫ్ట్ (ప్లాస్టిక్ గుళ్లు కాల్చే తుపాకులతో ఆడే ఆట) ఆడే తెలుగువాళ్లలో రాత్రి ఆటల మీద మోజు పెరిగేకొద్దీ నైట్ విజన్, అంటే చీకట్లో చూపించే పరికరం, కొనేవాళ్లూ పెరుగుతారు. కొన్న ఏడాదికో రెండేళ్లకో ఇండియా ప్రయాణం వస్తుంది. తమ్ముడికో బావమరిదికో ఒకసారి చూపిద్దామని ఆ పరికరాన్ని కూడా సూట్‌కేసులో బట్టల మధ్య సర్దేస్తారు. దయచేసి అలా చేయకండి. అమ్మడానికి కాకపోయినా, ఎవరికీ ఇవ్వకపోయినా, మూడు వారాల్లో తిరిగి తెచ్చేసుకున్నా, అమెరికా చట్టం ప్రకారం అది ఎగుమతే. లైసెన్సు అవసరమైన వస్తువును అది లేకుండా తెలిసి తీసుకెళ్తే 20 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల డాలర్ల వరకు జరిమానా పడవచ్చు.

వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఎగుమతి చట్టాలను ఉల్లంఘించడం దేశం నుంచి పంపించేయడానికి ఒక కారణమని వలస చట్టంలోనే రాసి ఉంది. పదేళ్లు కష్టపడి నిలబెట్టుకున్న జీవితాన్ని ఒక సూట్‌కేసు కోసం పణంగా పెట్టాల్సిన పని లేదు. దరఖాస్తుకు ఒక పద్ధతి ఉంది, అందులో ఒక దారికి ఫీజు కూడా లేదు.

ఈ విషయాన్ని ప్రభుత్వం ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఒక కేసు చెబుతుంది. నైట్ విజన్ తయారీలో అప్పట్లో అగ్రస్థానంలో ఉన్న ఐటీటీ కార్పొరేషన్, ఈ సాంకేతికతకు సంబంధించిన వివరాలను అనుమతి లేకుండా విదేశాలకు పంపినందుకు 2007లో నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్ల జరిమానాకు తలవంచింది. అంత పెద్ద కంపెనీనే వదలలేదు.

ముందు మీ హోదా చూసుకోండి

కొనే దగ్గరే మొదటి అడ్డు వస్తుంది. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులుగా లేదా ఆశ్రయం పొంది ఉన్నవాళ్లు ఈ నిబంధనల లెక్కలో ‘అమెరికా వ్యక్తులు’. హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4, ఎల్-1 మీద ఉన్నవాళ్లు ఎన్నేళ్లు ఇక్కడ పన్ను కట్టినా ‘విదేశీ వ్యక్తులు’. జెన్ 3 (మూడో తరం నైట్ విజన్) పరికరాలు అమ్మేవాళ్లలో చాలామంది కొనే ముందు ఒక ప్రకటన మీద సంతకం పెట్టిస్తారు. నేను అమెరికా వ్యక్తిని, దీన్ని దేశం దాటించను అని అందులో ఉంటుంది. హెచ్-1బీలో ఉండి దాని మీద సంతకం పెట్టడమంటే అబద్ధాన్ని కాగితం మీద పెట్టడమే. గ్రీన్ కార్డు ఉన్న స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం ఇంకా చెడ్డ ఆలోచన. అందులో ఇద్దరూ ఇరుక్కుంటారు.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. పరికరం సాంకేతిక వివరాలను విదేశీ వ్యక్తికి అందించడం, దాన్ని ఎలా వాడాలో శిక్షణ ఇవ్వడం అమెరికా గడ్డ మీదే జరిగినా ఈ నిబంధనల పరిధిలోకి రావచ్చు. అందుకే హెచ్-1బీలో ఉన్న స్నేహితుడికి మీ జెన్ 3 పరికరాన్ని ఒక వారం ఇచ్చి, దగ్గరుండి నేర్పించే ముందు ఆగి ఆలోచించండి. మొహమాటం అనిపిస్తుంది, నిజమే. కానీ కారణం విడమరిచి చెబితే అర్థం చేసుకోనివాళ్లు ఉండరు.

మీ పరికరం ఏ జాబితాలో ఉంది?

దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. అమెరికాలో రెండు జాబితాలున్నాయి. సైనిక సామగ్రి జాబితా విదేశాంగ శాఖ చేతిలో ఉంది. దాని నిబంధనలను ఐటార్ అంటారు. నైట్ విజన్ అందులో 12వ వర్గంలోకి వస్తుంది. పౌర, సైనిక అవసరాలు రెండింటికీ పనికొచ్చే వస్తువుల జాబితా వాణిజ్య శాఖలోని బీఐఎస్ అనే విభాగం చూస్తుంది. దాని నిబంధనలు ఈఏఆర్. అక్కడ ప్రతి వస్తువుకూ ఈసీసీఎన్ అనే వర్గీకరణ సంఖ్య ఉంటుంది.

స్థూలంగా చెప్పాలంటే, గాలియం ఆర్సెనైడ్ పూత ఉన్న జెన్ 3 ట్యూబులతో (మసక వెలుతురును పెంచి చూపే గొట్టాలు) చేసిన, ఒక కంటితో చూసే పీవీఎస్-14 లాంటివి చాలావరకు ఐటార్ కిందికి వస్తాయి. యూరప్‌లో ఆటగాళ్లు ఎక్కువగా వాడే ఫోటోనిస్ ట్యూబుల వంటి జెన్ 2 రకాలు సాధారణంగా వాణిజ్య శాఖ జాబితాలో 6ఏ002 దగ్గర కనిపిస్తాయి. వేడిని బట్టి చూపే థర్మల్ కెమెరాల్లో సెకనుకు 9 ఫ్రేములు లేదా అంతకన్నా తక్కువ ఇచ్చేవాటికి వేరే సంఖ్య ఉంది, 6ఏ993. కంపెనీలు 9 హెర్ట్జ్ మోడళ్లను ప్రత్యేకంగా తయారు చేయడానికి కారణం ఇదే. అంతకన్నా వేగంగా నడిచేవాటి మీద ఆంక్షలు ఎక్కువ.

‘స్థూలంగా’ అన్న మాటను నమ్ముకుని దరఖాస్తు పెట్టకండి. వర్గీకరణను తయారీదారు నుంచే రాతపూర్వకంగా తీసుకోండి. కొనేటప్పుడే అడిగితే చాలామంది ఒక ఈమెయిల్‌లో ఇచ్చేస్తారు. ఇన్వాయిస్, సీరియల్ నంబరు, ట్యూబు డేటా షీట్ కూడా అప్పుడే భద్రపరచుకోండి. డేటా షీట్‌లో రిజల్యూషన్, సిగ్నల్-నాయిస్ నిష్పత్తి ఉంటాయి. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేదే ఆటగాళ్లు ఎఫ్‌ఓఎం అని చెప్పుకునే సంఖ్య. 64 రిజల్యూషన్, 25 నిష్పత్తి ఉన్న ట్యూబుకు 1600 అన్నమాట. మనం దాన్ని నాణ్యత కొలతగా చూస్తాం. దరఖాస్తు పరిశీలించే అధికారి మాత్రం ఆ పరికరం ఎంత శక్తిమంతమైనదో తేల్చుకోవడానికి అవే అంకెలు చూస్తారు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఈ కాగితాలు తరచుగా ఉండవు. ధర ఎంత తక్కువైనా, ఎప్పటికైనా దేశం దాటించే ఆలోచన ఉంటే కాగితాలు లేనిది కొనకండి.

తయారీదారు చెప్పలేకపోతే మీరే అడగవచ్చు. వస్తువు ఏ శాఖ పరిధిలోకి వస్తుందో తేల్చమని విదేశాంగ శాఖలో సైనిక సామగ్రి ఎగుమతులు చూసే డీడీటీసీ విభాగానికి డీఎస్-4076 ఫారంతో విన్నవించుకోవచ్చు. వాణిజ్య శాఖ పరిధే అని ముందే తేలితే, సంఖ్య ఏదో చెప్పమని బీఐఎస్‌కు వర్గీకరణ అభ్యర్థన పెట్టవచ్చు.

వాణిజ్య శాఖ దారి

ఫీజు లేనిదీ, మామూలు ఆటగాడికి నిజంగా అందుబాటులో ఉన్నదీ ఈ దారే. దరఖాస్తు మొత్తం స్నాప్-ఆర్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో జరుగుతుంది. మొదట ఖాతా తెరిచి సీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. పేరులో ‘కంపెనీ’ అని ఉంటుంది కాబట్టి వ్యక్తులకు కుదరదేమోనని వెనక్కి తగ్గకండి, వ్యక్తులు కూడా తీసుకోవచ్చు.

లోపలికి వెళ్లాక ఎగుమతి లైసెన్సు దరఖాస్తును ఎంచుకోండి. అందులో పరికరం వివరం, ఈసీసీఎన్, ఎన్ని, ఒక్కోదాని విలువ, ఏ దేశానికి, అక్కడ చివరికి ఎవరి చేతిలో ఉంటుంది, దేనికి వాడతారు అన్నవి నింపాలి. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఆ చివరి ప్రశ్ననే. ‘పర్సనల్ యూజ్’ అని రెండు ముక్కలు రాసి పంపితే ప్రశ్నలు వెనక్కి వస్తాయి, లేదా దరఖాస్తే తిరిగొస్తుంది. అధికారి మనసులో ఉండే సందేహం ఒక్కటే: ఇది ఇంకొకరి చేతికి పోతుందా? దానికి జవాబుగా ఒక పేజీ లేఖ రాసి జత చేయండి. మీరెవరు, పరికరం ఎప్పుడు ఎక్కడ కొన్నారు, ఏ తేదీన బయల్దేరి ఏ తేదీన తిరిగొస్తారు, అక్కడ ఏ చిరునామాలో ఉంటారు, వాడనప్పుడు ఎక్కడ తాళం వేసి పెడతారు, ఎవరికీ అమ్మను, ఇవ్వను, అద్దెకు పంపను అన్న మాట, అన్నీ అందులో ఉండాలి. ఆట కోసమైతే ఆట అనే రాయండి. పక్షులను చూడటానికని రాసి, పరికరం తగిలించిన ఆట హెల్మెట్ ఫొటో జత చేస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది. డేటా షీట్, ఇన్వాయిస్, తయారీదారు ఇచ్చిన వర్గీకరణ ఈమెయిల్, టికెట్లు తీసుకుని ఉంటే వాటి కాపీ కూడా పెట్టండి.

పంపగానే జెడ్ అక్షరంతో మొదలయ్యే ఒక నంబరు వస్తుంది. అది రాసి పెట్టుకోండి, దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో దానితోనే చూసుకోవాలి. నిబంధన ప్రకారం బీఐఎస్ 9 రోజుల్లో దాన్ని రక్షణ, విదేశాంగ, ఇంధన శాఖల పరిశీలనకు పంపాలి. ఆ శాఖలు 30 రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. అభిప్రాయ భేదాలుంటే వాటితో కలిపి మొత్తం 90 రోజుల్లో తేలాలి. అయితే మిమ్మల్ని అదనపు వివరాలు అడిగినప్పుడు, మీరు జవాబిచ్చేవరకు ఆ గడియారం ఆగుతుంది. కాబట్టి సంక్రాంతికి ఊరు వెళ్లాలంటే దసరా కన్నా ముందే దరఖాస్తు పడాలి. నా లెక్కలో నాలుగు నెలలు చేతిలో పెట్టుకుంటేనే టెన్షన్ ఉండదు.

తిరస్కరించాలనుకుంటే ముందుగా ఆ ఉద్దేశాన్ని లేఖ ద్వారా తెలియజేస్తారు. జవాబు చెప్పుకోవడానికి 20 రోజుల గడువు ఉంటుంది. ఆ లేఖలో వాళ్లు చూపిన కారణానికే సూటిగా జవాబివ్వండి, కథంతా మళ్లీ చెప్పకండి. పరిశీలించకుండానే దరఖాస్తు తిరిగొస్తే అది తిరస్కరణ కాదు. లోపం సరిచేసి కొత్తగా పెట్టుకోవచ్చు.

విదేశాంగ శాఖ దారి

జెన్ 3 ఉన్నవాళ్లకు నేను మొహమాటం లేకుండా చెప్పే మాట: ఇంట్లో పెట్టి వెళ్లండి. ఈ దారిలో ముందు డీఎస్-2032 ఫారంతో డీడీటీసీలో ఎగుమతిదారుగా నమోదు కావాలి. 2025 జనవరి 9 నుంచి దానికి కనీస రుసుము ఏడాదికి 3,000 డాలర్లు. ఒక జెన్ 3 పీవీఎస్-14 ధరకు అది దాదాపు సమానం. ఆ తర్వాత డెక్స్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో, శాశ్వతంగా పంపేటట్టయితే డీఎస్‌పీ-5, తాత్కాలికంగా తీసుకెళ్లి తెచ్చేటట్టయితే డీఎస్‌పీ-73 దరఖాస్తు పెట్టాలి. ముఖ్య సైనిక సామగ్రిగా గుర్తించిన వాటికి, ఇంకొకరికి బదిలీ చేయబోమని హామీ ఇచ్చే డీఎస్‌పీ-83 కూడా అడుగుతారు. పరికరాలు అమ్మే వ్యాపారులకు ఇది మామూలు పని. ఒక వారాంతం ఆట కోసం ఒక మనిషి భరించాల్సిన ఖర్చూ శ్రమా కావు ఇవి.

సియాటిల్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా చదవాలి. వాంకూవర్ దగ్గర ఆట ఉందని ఉదయం కారులో బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఊరి పొలిమేర దాటినట్టే అనిపిస్తుంది. కానీ డిక్కీలో జెన్ 3 ఉంటే, ఆ సరిహద్దు దాటిన క్షణంలో ఎగుమతి జరిగిపోయినట్టే. అలాంటి ఆటకు ట్యూబు లేని డిజిటల్ పరికరం చాలు. దాని వర్గీకరణ కూడా ముందే చూసుకుని వెళ్లండి.

ఇక్కడే ఆడేవారికి

దేశం దాటించకుండా, పైన చెప్పినట్టు విదేశీ వ్యక్తులకు వివరాలు, శిక్షణ ఇవ్వకుండా ఉంటే ఈ దరఖాస్తులేవీ అక్కర్లేదు. అయినా రెండు విషయాలు చెప్పాలి. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 468వ సెక్షన్ ప్రకారం, ఇన్‌ఫ్రారెడ్ కాంతి ప్రసరింపజేసి చీకట్లో చూపించే, తుపాకీకి అమర్చగల పరికరాన్ని దగ్గర పెట్టుకోవడమే నేరం. బే ఏరియాలో ఉన్నవాళ్లు ఇన్‌ఫ్రారెడ్ దీపం కలిసి ఉన్న స్కోపులు కొనే ముందు ఆ సెక్షన్ చదవాలి.

రెండోది లేజరు. నైట్ విజన్‌లో మాత్రమే కనిపించే ఇన్‌ఫ్రారెడ్ లేజర్లను ఆటలో గురి చూపడానికి వాడతారు. పౌరులకు అమ్మేవాటి శక్తి 0.7 మిల్లీవాట్ల లోపు ఉంటుంది. సైన్యం వాడే పూర్తి శక్తి రకాలు ఎక్కడైనా చేతికొచ్చినా మైదానంలోకి తేకండి. కంటికి కనిపించని కాంతి కాబట్టి రెప్ప దానంతట అది మూసుకోదు, అవతలివాడి కన్ను దెబ్బతిన్నదాకా ఎవరికీ తెలియదు. ఇక ప్లాస్టిక్ గుళ్లు తగిలి ముందు కటకం పగలకుండా దాని మీద ఒక రక్షణ గాజు తప్పనిసరి. దాని ఖరీదు తక్కువ, ట్యూబు ఖరీదు వేలల్లో.

లైసెన్సు చేతికొచ్చాక

లైసెన్సు మీద రాసిన షరతులన్నీ చదవండి. ఎన్ని పరికరాలు, ఏ దేశం, ఎవరి దగ్గర అన్నవి దాటితే లైసెన్సు లేనట్టే లెక్క. బయల్దేరే ముందు ఎగుమతి వివరాలను ఏఈఎస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు చేయాలి. లైసెన్సుతో వెళ్లే వస్తువుకు విలువ ఎంత తక్కువైనా ఈ నమోదు తప్పదు. అక్కడ వచ్చే నిర్ధారణ నంబరును, లైసెన్సు కాపీని ప్రింటు తీసి చేతి సంచిలో పెట్టుకోండి, ఫోన్‌లో మాత్రమే ఉంచుకోకండి. అమెరికా ఇచ్చిన లైసెన్సు ఇండియా కస్టమ్స్‌ను దాటించదు. హైదరాబాద్‌లో దిగాక అక్కడి నిబంధనలు వేరుగా వర్తిస్తాయి, వాటిని టికెట్లు తీసుకునే ముందే కనుక్కోవాలి.

తిరిగొచ్చాక కాగితాలు పారేయకండి. దరఖాస్తు, లైసెన్సు, నమోదు నంబరు, వెళ్లొచ్చిన బోర్డింగ్ పాసులు, పరికరం సీరియల్ నంబరు కనిపించే ఫొటో అన్నీ ఒకే ఫైలులో 5 ఏళ్లు ఉంచాలి.