సిడ్నీకి కొత్తగా వచ్చి సర్ఫ్‌బోర్డు కొనబోతున్నవారికి

గత ఆదివారం మాన్లీ బీచ్‌లో ఒక తెలుగు అబ్బాయిని గంటసేపు గమనించాను. అతనిది ఆరడుగుల పొడవున్న, సన్నటి, మొన తేలిన బోర్డు. వచ్చిన ప్రతి అల అతని కిందుగా జారిపోయి ఒడ్డుకు చేరుతోంది, అతను మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. నాలుగేళ్ల క్రితం అటువంటి బోర్డు మీదే మూడు నెలలు అవమానపడినవాణ్ణి కనుక ఇది రాస్తున్నాను. ఈత రానివారు ముందు ఈత నేర్చుకోండి. ఎరుపు పసుపు జెండాల మధ్య స్థలం ఈతగాళ్లదే గాని బోర్డులది కాదన్న సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది లీటర్ల గురించి. బోర్డు ఘనపరిమాణాన్ని లీటర్లలో కొలుస్తారు. పోటీల్లో వాడే ఆరడుగుల బోర్డు సుమారు 27 లీటర్లుంటే, నేర్చుకునేవారి ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు 70కి అటూ ఇటూ ఉంటుంది. అల దొరకాలంటే, అది మనల్ని చేరే వేళకు మనమూ దాని దిశలో వేగంగా కదులుతూ ఉండాలి. లీటర్లు తక్కువై, 75 కిలోల మనిషి పడుకోగానే సగానికి పైగా మునిగిపోయే బోర్డు, చేతులతో నీటిని ఎంత తోసినా ఆ వేగాన్ని అందుకోదు. ఇది తెలియక, లోపం నా భుజాలదేననుకుని నేను జిమ్‌లో చేరాను!

ముక్కు నుంచి తోక దాకా పడవ అడుగులా ఉండే వంపును రాకర్ అంటారు. వంపు ఎక్కువైతే నిటారుగా విరిగే అలలో ముక్కు నీటిలో గుచ్చుకోదు గాని, మెత్తటి అలలో బోర్డు నీటిని నెట్టుకుంటూ మందగిస్తుంది. చదునైన బోర్డు తేలికగా సాగుతుంది, నిటారు అలలో మాత్రం తలకిందులు చేస్తుంది. వెడల్పాటి తోక బలహీనమైన అలలో కూడా బోర్డును పైకి తేలుస్తుంది; సన్నటి తోక పెద్ద అలలో నీటిలోకి దిగి పట్టు ఇస్తుంది. అంచులు గుండ్రంగా ఉంటే నీరు వాటిని చుట్టుకుని బోర్డును నిలకడగా ఉంచుతుంది, పదునుగా ఉంటే త్వరగా విడిపోయి వేగాన్నిస్తుంది. మీ పొరపాట్లను క్షమించేవి గుండ్రటి అంచులే.

బోర్డు అడుగున, తోక దగ్గర చేప రెక్కల్లా ఉండే ఫిన్‌ల గురించి అందరూ గంటల తరబడి మాట్లాడతారు. మాన్లీకి ఉత్తరాన ఉన్న నారబీన్‌కు చెందిన సర్ఫర్ సైమన్ ఆండర్సన్ భారీ మనిషి కావడంతో, రెండు ఫిన్‌ల బోర్డు ఆయన కాళ్ల కింద నిలిచేది కాదు. 1980లో మూడో ఫిన్ చేర్చి, మరుసటి ఏడాది విక్టోరియాలోని బెల్స్ బీచ్ సర్ఫింగ్ పోటీని భారీ అలల్లో గెలిచారు. తన ఒంటికీ అలలకూ తగిన బోర్డును తానే చేసుకున్నారన్నది మీరు గమనించవలసిన విషయం. ఇంకా లేచి నిలబడటమే రానివారికి ఫిన్‌ల చర్చ దేనికి?

దుకాణంవాళ్లు అందంగా ఉన్నదే చూపిస్తారు, వినకండి. కొనేముందు, మాన్లీ పక్కనే ఉన్న ఫ్రెష్‌వాటర్ బీచ్ క్లబ్బులో హవాయి సర్ఫర్ డ్యూక్ కహానమోకు చెక్క బోర్డును చూసి రండి. 1914-15 వేసవిలో ఆయన ఇక్కడివారికి సర్ఫింగ్ చూపించింది అంత పొడవైన బల్ల మీదే.

ఇంత కోప్పడ్డాను కనుక ఒక మాట ఒప్పుకోవాలి. నాలుగో నెలలో ఒకరి ఫోమ్ బోర్డు అరువు తెచ్చుకున్నాను, ఆ ఉదయమే నడుము లోతు నీటిలో, నురుగు అల మీద లేచి నిలబడ్డాను. భుజాలు అవే. జిమ్ రుసుము మాత్రం ఏడాదంతా కట్టాను.